యస్ట్రెమ్‌స్కీ .301ని చూసి నవ్వేవాళ్ళతో నా పేచీ

బేస్‌బాల్ బ్యాటింగ్ చాంపియన్ల (ఏటా తమ లీగ్‌లో అత్యధిక సగటు సాధించినవాళ్ళ) జాబితా ముందు పెట్టుకుంటే ఒక వరుస దగ్గర ఎవరో ఒకరు ఆగి నవ్వుతారు. 1968, అమెరికన్ లీగ్, బోస్టన్ రెడ్ సాక్స్ ఆటగాడు కార్ల్ యస్ట్రెమ్‌స్కీ, సగటు .301. మేజర్ లీగుల చరిత్రలో ఇంత తక్కువ సగటుతో ఆ కిరీటం గెలిచినవాడు మరొకడు లేడు. క్విజ్‌లో అడగడానికి బాగుంటుంది. ఆ తర్వాత వచ్చే వ్యాఖ్యానమే నాకు గిట్టదు. ఆ ఏడాది ఆడేవాళ్ళు లేక గెలిచాడట. మన సామెతలో చెప్పాలంటే ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నమాట. బోస్టన్ దగ్గర ఉద్యోగం చేస్తూ ఈ ఆట నేర్చుకున్నవాణ్ణి కాబట్టి ఈ మాట మధ్యాహ్న భోజనాల దగ్గర చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ అన్నం చల్లారేదాకా వాదించాను కూడా.

క్రికెట్‌తో పెరిగినవాళ్ళకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. మన బ్యాటింగ్ సగటు అంటే చేసిన పరుగులను అవుటైన సంఖ్యతో భాగించడం. బేస్‌బాల్‌లో లెక్క వేరు. బ్యాటర్‌కు లెక్కలోకి వచ్చే అవకాశాలు ఎన్ని, వాటిలో బంతిని కొట్టి క్షేమంగా బేస్ (పరుగు కోసం వరుసగా దాటాల్సిన మజిలీ) చేరినవి, అంటే హిట్లు, ఎన్ని అన్నదే అక్కడి సగటు. పదింటిలో మూడుసార్లు చేరితే .300. అంటే పదిలో ఏడుసార్లు విఫలమైనవాడు ఆ ఆటలో గొప్పవాడు. పిచర్ (మన బౌలర్ లాంటివాడు) నాలుగు బంతులు స్ట్రైక్ జోన్ (బ్యాటర్ ముందు ఊహించుకునే గురి గడి) బయట వేస్తే బ్యాటర్ నడుచుకుంటూ మొదటి బేస్‌కు వెళ్తాడు. దాన్ని వాక్ అంటారు. ఈ సగటులో వాక్‌కు చోటు లేదు, దాన్ని అవకాశంగా కూడా లెక్కపెట్టరు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దానితో పని పడుతుంది.

ఇక 1968 సంగతి. ఆ ఏడాది అమెరికన్ లీగ్ మొత్తం సగటు .230. పది జట్లు, వందలాది ఆటగాళ్ళు, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ చివరిదాకా ఆడి తేల్చిన అంకె అది. న్యూయార్క్ యాంకీస్ జట్టు సగటైతే .214. లీగ్‌లో ఐదుగురు పిచర్లు తొమ్మిది ఇన్నింగ్స్‌కు రెండు పరుగులకన్నా తక్కువ ఇచ్చారు. డెట్రాయిట్ పిచర్ డెన్నీ మెక్‌లెయిన్ 31 ఆటలు గెలిచాడు. పక్కనున్న నేషనల్ లీగ్‌లో బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చాడు. ఆ ఏటి ఆల్ స్టార్ ఆట, అంటే రెండు లీగుల్లోని మేటి బ్యాటర్లందరూ ఒకచోట చేరిన ఆట, 1-0తో ముగిసింది.

దీనికి కారణాలు గాలిలో లేవు, నిబంధనల పుస్తకంలో ఉన్నాయి. 1963లో స్ట్రైక్ జోన్‌ను భుజం పైభాగం నుంచి మోకాలి కింది దాకా సాగదీశారు. పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు అప్పటికే 15 అంగుళాలు. ఎత్తు నుంచి విసిరేవాడికి అంత పెద్ద గురి కూడా ఇస్తే ఏమవుతుందో ఐదారేళ్ళలో తెలిసింది. 1968 సీజన్ అయిపోగానే యాజమాన్యాలు కంగారు పడ్డాయి. పరుగులు లేని ఆటకు జనం రారన్నది వాళ్ళ భయం. దిబ్బను 10 అంగుళాలకు కోసేశారు, స్ట్రైక్ జోన్‌ను చంక నుంచి మోకాలి పైభాగం దాకా కుదించారు. ఆట పెద్దలే పద్ధతి చెడిందని ఒప్పుకుని మరమ్మతు చేసిన ఏడాది అది. ఆ ఏటి అంకెను పక్క ఏళ్ళ అంకెలతో నేరుగా పోల్చి నవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇప్పుడు ఆముదం చెట్ల సంగతి చూద్దాం. ఆ ఏడాది అదే లీగ్‌లో ఎవరెవరు ఆడారు? మికీ మాంటిల్ సగటు .237, అదే అతని ఆఖరి సీజన్. ఫ్రాంక్ రాబిన్సన్ .268. అల్ కేలైన్ .287. రాడ్ కరూ .273, తర్వాత ఏడు బ్యాటింగ్ కిరీటాలు గెలిచిన మనిషి. రెజీ జాక్సన్ .250. బ్రూక్స్ రాబిన్సన్ .253. టోనీ ఒలీవా .289. వీళ్ళలో ప్రతి ఒక్కరూ ఈనాడు హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఆ ఆట మహామహుల గౌరవ మందిరంలో, ఉన్నారు. అడవి నిండా మద్దిచెట్లే. వాటన్నిటి మధ్యా .300 దాటింది ఒక్కడు. రెండో స్థానంలో నిలిచిన డానీ కేటర్ .290 దగ్గర ఆగాడు.

యస్ట్రెమ్‌స్కీకి పూర్తి విరుద్ధమైన ఉదాహరణ కావాలంటే 1930కి వెళ్ళాలి. నేషనల్ లీగ్‌లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు బిల్ టెర్రీ ఆ ఏడాది .401 కొట్టాడు. ఆ లీగ్‌లో అతని తర్వాత నేటిదాకా ఎవరూ .400 అందుకోలేదు. టెర్రీ పేరు పలికేటప్పుడు గొంతులో భక్తి వినిపిస్తుంది. అయితే ఆ ఏడాది నేషనల్ లీగ్ మొత్తం సగటు ఎంతో తెలుసా? .303. బ్యాటింగ్ చేతకాని పిచర్లను కూడా కలుపుకుని వచ్చిన సగటు ఇది. ఫిలడెల్ఫియా జట్టు ఉమ్మడిగా .315 కొట్టి కూడా 102 ఆటలు ఓడిపోయి అట్టడుగున నిలిచింది. వాళ్ళు కొట్టినదానికన్నా వాళ్ళ పిచర్లు ఎక్కువ కొట్టించుకున్నారు మరి. మరుసటి ఏడాదికి ఆ లీగ్ బంతినే మార్చింది, కుట్లు ఎత్తుగా, పైతోలు మందంగా ఉండేలా.

భాగహారం చేసి చూడండి. టెర్రీ .401ని .303తో భాగిస్తే 1.32. యస్ట్రెమ్‌స్కీ .301ని .230తో భాగిస్తే 1.31. ఒకరు తమ లీగ్‌కన్నా 32 శాతం మెరుగు, ఇంకొకరు 31 శాతం. జాబితాలో ఇద్దరి మధ్య కనిపించే నూరు పాయింట్ల (.001 అంటే ఒక పాయింట్) దూరం ఒక శాతానికి కుంచించుకుపోయింది. ఒకరికి భక్తి, ఇంకొకరికి నవ్వు! మన పిల్లలు ఎప్‌సెట్ (పాత ఎంసెట్) రాసేటప్పుడు ఉదయం వచ్చిన ప్రశ్నపత్రం కష్టంగా, మధ్యాహ్నానిది తేలికగా ఉంటే మార్కులను సర్దుబాటు చేసి ర్యాంకులు ఇస్తారు కదా. అలా చేయకపోతే ఏ తల్లిదండ్రులూ ఊరుకోరు. ఆ పాటి న్యాయం ఈ బంతాటకూ దక్కాలి.

ఇంతటితో ఆగితే టెర్రీయే ఒక వెంట్రుక మందం ముందున్నట్టు. నేను ఆగను, ఎందుకంటే పైన చెప్పిన వాక్ సంగతి మిగిలి ఉంది. 1968లో యస్ట్రెమ్‌స్కీ 119 వాక్‌లు తీసుకున్నాడు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. హిట్ల సగటు వీటిని చూడనే చూడదు. ఏ దారిన వచ్చినా సరే, బేస్ చేరిన నిష్పత్తిని లెక్కకడితే అతనిది .426, అదీ లీగ్‌లో మొదటి స్థానమే. లీగ్ మొత్తం నిష్పత్తి .297. అంటే మామూలు బ్యాటర్ పదిసార్లు వస్తే ఏడుసార్లు వెనక్కి వెళ్ళే రోజుల్లో ఇతను దాదాపు ఆరింటిలోనే వెనక్కి వెళ్ళాడు. కొట్టిన దెబ్బ ఎన్ని బేస్‌లకు పనికొచ్చిందో చెప్పే స్లగింగ్ అని ఇంకో లెక్క ఉంది. అందులో అతను .495, లీగ్ .339.

ఈ రెండు లెక్కలనూ లీగ్‌తో పోల్చి ఒకే అంకెగా చేసే పద్ధతి ఉంది. బేస్ చేరే నిష్పత్తిని లీగ్ నిష్పత్తితో, స్లగింగ్‌ను లీగ్ స్లగింగ్‌తో భాగించి, రెండూ కలిపి ఒకటి తీసేసి నూరుతో హెచ్చిస్తారు. వంద వస్తే సరిగ్గా సగటు బ్యాటర్. యస్ట్రెమ్‌స్కీకి 189 వస్తుంది. టెర్రీ బేస్ చేరిన నిష్పత్తి .452, స్లగింగ్ .619, ఆ ఏటి నేషనల్ లీగ్‌వి .360, .448. అతనికి 164. ఇది నేను కాగితం మీద చేసిన ముతక లెక్క. మైదానం తేడాలను సర్ది, పిచర్ల బ్యాటింగ్‌ను లీగ్ సగటు నుంచి తీసేసి లెక్కించేవాళ్ళు యస్ట్రెమ్‌స్కీకి 171, టెర్రీకి 160కి కాస్త తక్కువ ఇస్తారు. ఎలా చూసినా నవ్వులపాలైన .301 ముందుంది, పూజలందుకునే .401 వెనకుంది.

నా వాదన వినగానే మిత్రులు ఒక మెలిక పెడతారు. ఒక్క ఏడాది తీసుకుని ఎవరినైనా దేవుణ్ణి చేయవచ్చు, మొత్తం కెరీర్ చెప్పు అంటారు. న్యాయమైన ప్రశ్నే. యస్ట్రెమ్‌స్కీ కెరీర్ సగటు .285. బోస్టన్‌లో ఎడమ మైదానంలో అతనికి ముందు నిలబడినవాడు టెడ్ విలియమ్స్, కెరీర్ సగటు .344. విలియమ్స్ 1960లో ఆట మానేస్తే 1961లో 21 ఏళ్ళ కుర్రవాడిగా ఆ చోటులోకి వచ్చాడు ఈ లాంగ్ ఐలాండ్ బంగాళాదుంపల రైతు కొడుకు. అక్కడి నుంచి 23 సీజన్లు, అన్నీ ఒకే జట్టుకు, 3,308 ఆటలు, 3,419 హిట్లు, 452 హోమ్ రన్లు (మన సిక్సర్‌లా మైదానం దాటించిన దెబ్బలు). పాత అభిమానులకు అతను యాజ్. ఆ 23 ఏళ్ళనూ లీగ్ సగటు పక్కన పెట్టి చదివితే .285 అన్న ఒంటరి అంకె చెప్పని కథ బయటపడుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చిన విడ్డూరం ఇది. అతని మొదటి సీజన్ 1961 సగటు .266. ఆఖరి సీజన్ 1983 సగటు కూడా .266. పట్టిక మీద కవలలు. కానీ 1961లో అమెరికన్ లీగ్ సగటు .256, 1983లో .266. కుర్రవాడిగా ఉన్నప్పుడు లీగ్‌కన్నా పది పాయింట్లు పైన ఉన్నాడు. 44 ఏళ్ళ వయసులో సరిగ్గా లీగ్‌తో సమానంగా ఉన్నాడు. ఈ మధ్యలో లీగ్ కూడా మారింది. 1973 నుంచి అమెరికన్ లీగ్‌లో పిచర్ బదులు బ్యాటింగ్ కోసమే ఒక మనిషిని దింపుతున్నారు. బ్యాటింగ్ రానివాళ్ళు లెక్కలోంచి పోతే సగటు పెరగక ఏమవుతుంది? అందుకే 1961 నాటి .256తో 1983 నాటి .266ను పోల్చేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. కొలబద్ద మీది గీతలు కూడా కాలంతో జరుగుతాయి. లీగ్ సగటును వేదవాక్కుగా వల్లించే కుర్ర లెక్కలవాళ్ళు ఈ సంగతి తరచు దాటేస్తారు.

1979లో అతనికి 3,000వ హిట్ వచ్చింది. 3,000 హిట్లు, 400 హోమ్ రన్లు రెండూ ఉన్న మొదటి అమెరికన్ లీగ్ ఆటగాడయ్యాడు. బోస్టన్ ఊరంతా పండుగ. ఆ ఏటి అతని సగటు .270. లీగ్ సగటు? అదీ .270. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టిన ఏడాది అతను హిట్ల లెక్కలో సరాసరి ఆటగాడు. .301 కొట్టి నవ్వులపాలైన ఏడాది లీగ్‌లో అందరికన్నా మేటి. పెద్ద అంకె చేరిన ఏటికీ, పెద్ద ఆట ఆడిన ఏటికీ పొంతన లేదు.

మధ్యలోని ఏళ్ళు వేగంగా చూద్దాం. 1963లో .321, లీగ్ .247. 1967లో .326, లీగ్ .236, అంటే 38 శాతం పైన. ఆ ఏడాది సగటు, హోమ్ రన్లు, తెచ్చిపెట్టిన పరుగులు మూడింటిలోనూ మొదటి స్థానం అతనిదే, హోమ్ రన్లలో మాత్రం ఇంకొకరితో సమంగా. ముందటి ఏడాది పది జట్లలో తొమ్మిదోదిగా నిలిచిన బోస్టన్ లీగ్ గెలవడానికి చివరి రెండు ఆటల్లో ఎనిమిది అవకాశాలకు ఏడు హిట్లు కొట్టాడు. 1970లో .329, లీగ్ .250. ఆ కిరీటం మాత్రం అలెక్స్ జాన్సన్‌కు దక్కింది, పదివేలలో నాలుగు వంతుల తేడాతో. ఆ తర్వాతి ఏడాది .254, లీగ్ .247. అభిమానులు తిట్టారు. వాళ్ళ కళ్ళలో 1967 ఉంది మరి.

1969ని దాటవేయకూడదు, అది నా వాదనకు కాస్త ఇబ్బంది పెట్టే ఏడాది. దిబ్బ తగ్గింది, స్ట్రైక్ జోన్ తగ్గింది, లీగ్ సగటు .246కు లేచింది. అందరూ బాగుపడ్డారు. యస్ట్రెమ్‌స్కీ సగటు .255కు పడింది! 1968 పరిస్థితులే అతన్ని కిందికి లాగాయని చెబుతున్న నాకు ఇది గొంతులో ముల్లు. కానీ అదే ఏడాది అతని హోమ్ రన్లు 23 నుంచి 40కి పెరిగాయి, స్లగింగ్ .495 నుంచి .507కి వెళ్ళింది. హిట్ల సగటు మీద మాత్రమే కన్నేసినవాడికి ఇది పతనం. నిజానికి లీగ్‌తో పోలిస్తే కొంత తగ్గాడు, అది కాదనను. మూడోవంతు తగ్గిపోయాడని మాత్రం ఎవరైనా అంటే ఒప్పుకోను.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మైదానం గురించి. బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో ఎడమవైపు 37 అడుగుల ఎత్తు గోడ ఉంది, ఆకుపచ్చ రంగుది. వేరే ఊళ్ళలో ఫీల్డర్ చేతికి చిక్కే బంతులు ఇక్కడ ఆ గోడకు తగిలి రెండు బేస్‌ల హిట్లవుతాయి. యస్ట్రెమ్‌స్కీ ఎడమచేతి వాటం బ్యాటర్, అలాంటివాళ్ళ బలమైన దెబ్బ సహజంగా కుడివైపు వెళ్తుంది. అయినా బంతిని అటు తోయడం నేర్చుకున్నాడు. సొంత మైదానంలో అతని కెరీర్ సగటు .306, బయట .264. నలభై రెండు పాయింట్లు! దీన్ని చూపించి, బయటి ఊళ్ళలో ఇతను మామూలు ఆటగాడేనని తేల్చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో సగం దూరం నడుస్తాను. ఫెన్‌వే లేకపోతే 3,419 హిట్లు వచ్చేవి కావు, మూడు కిరీటాలూ వచ్చేవి కావేమో. మిగతా సగం దగ్గర విడిపోతాను. హోమ్ రన్లు చూడండి, సొంతూళ్ళో 237, బయట 215. బంతిని మైదానం దాటించే బలం ఏ గోడా ఇచ్చింది కాదు. కెరీర్ మొత్తంలో 1,845 వాక్‌లు తీసుకున్న ఓపికనూ గోడ ఇవ్వలేదు. వంద సగటుగా చూసే పై లెక్కలో మైదానం అనుకూలతను తీసేసి లెక్కించాక కూడా 23 ఏళ్ళకూ కలిపి వచ్చే అంకె 130. అంత చెత్త చివరి ఏళ్ళు కలుపుకుని. ఎనభైల్లో ఒంట్లో సత్తువ తగ్గిన మనిషి ఆటను కూడా అదే బుట్టలో వేసి తూస్తున్నాం మనం.

130 అంటే అమరుడేమీ కాదు. విలియమ్స్‌ది 190 దాటుతుంది. యస్ట్రెమ్‌స్కీని విలియమ్స్ పక్కన కూర్చోబెట్టాలని నేను అడగడం లేదు. 1967, 68, 70 ఏళ్ళలో అతను ఏ కాలపు బ్యాటర్ల పంక్తిలోనైనా కూర్చోగలడు, మిగతా ఏళ్ళలో మంచి ఆటగాడు, చివర్లో ఓర్పున్న ముసలివాడు. ఈ ముగ్గురు మనుషుల్నీ .285 ఒక్కటిగా చేసి చూపిస్తుంది. హాల్ ఆఫ్ ఫేమ్‌కు 1989లో మొదటి ప్రయత్నంలోనే నూటికి 94 మందికి పైగా ఓటేసి పంపారంటే ఓటర్లకు ఆ తేడా తెలిసే ఉండాలి.

ఈ పాత గొడవ ఇప్పుడెందుకంటే, 2025లో నేషనల్ లీగ్ కిరీటం ఫిలడెల్ఫియా ఆటగాడు ట్రే టర్నర్‌కు .304తో వచ్చింది. ఆ లీగ్ చరిత్రలో అంత తక్కువ సగటు చాంపియన్ లేడు, .300 దాటినవాడూ ఆ లీగ్‌లో అతనొక్కడే. వెంటనే అవే నవ్వులు మొదలయ్యాయి. 1968లో దిబ్బ, స్ట్రైక్ జోన్ బ్యాటర్‌ను కట్టేశాయి. ఇప్పుడు గంటకు వంద మైళ్ళ దరిదాపుల్లో విసిరే పిచర్లు వరుసగా దిగుతున్నారు. ఆరంభించినవాడు అలసేలోపే ఇంకొకడు తాజా చేతితో వస్తాడు. కారణాలు వేరు, అణగారిన సగటు ఒకటే. రికార్డుల పట్టికలు అచ్చువేసేవాళ్ళు చాంపియన్ సగటు పక్కన ఇంకో గడి గీసి ఆ ఏటి లీగ్ సగటు కూడా వేస్తే సరిపోతుంది. .301 పక్కన .230. .401 పక్కన .303. గడి గీయడానికి అయ్యే సిరా ఎంత?

నవ్వేవాళ్ళకు నేను చివరగా చూపించే లెక్క ఇంకొకటి ఉంది. 1968లో యస్ట్రెమ్‌స్కీ 539 అవకాశాల్లో 162 హిట్లు కొట్టాడు. ఆరు నెలల్లో ఎక్కడో ఒకచోట ఒక ఫీల్డర్ అడుగు ముందుకు వేసి ఒక్క బంతి పట్టుకుని ఉంటే హిట్లు 161, సగటు .299. .300 కూడా లేని చాంపియన్ అని ఇంకా గట్టిగా నవ్వేవాళ్ళు. అప్పుడైనా 119 వాక్‌లు 119గానే ఉండేవి, బేస్ చేరిన నిష్పత్తిలో మొదటి స్థానం అతనిదే అయ్యేది, రెండో స్థానంలో కేటర్ అదే .290 దగ్గర ఉండేవాడు.